నది వేషం

నవ్య గద్వాలకు వచ్చింది నా కోసం. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి మా ఇంట్లో ఎవరికీ అది గుర్తులేదు.

మార్చి ఆఖర్లో ఒక సాయంత్రం, మేడ మీది గదిలో పిల్లలకు జతులు నేర్పుతున్నాను. కింద నాయిన మగ్గం ఆడుతోంది. భుజానికి పెద్ద సంచీ తగిలించుకున్న ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చి, చెప్పులు గడప బయట విడిచి, క్లాసు ముగిసేదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్లలు వెళ్ళాక పేరు చెప్పింది. వాళ్ళది బల్మూరు దగ్గర పల్లె. అమ్మానాన్నలు పని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగినవాళ్ళు. తను హైదరాబాదులో కంప్యూటర్ గ్రాఫిక్స్ చేస్తుంది. కృష్ణానది మీద ఒక నాట్యచిత్రం తీయాలని వచ్చింది. నీళ్ళకు వచ్చిన ఒక ఆడమనిషి, పొంగి ఆమె బిందె లాక్కునే నది, అదీ కథ.

“ఉత్త వీడియో గాదక్కా. రెండు కెమెరాలు పక్కపక్కన బిగించి తీస్తం, మన రెండు కండ్ల లెక్క. అద్దాలు పెట్టుకొని రెండు కండ్లతోని చూస్తే మనిషి తెరల నుంచి లేచొచ్చి మన ముంగట నిలబడ్డట్టే ఉంటది. కర్నూల్ల మీరు ఆడిన పాత వీడియో చూసిన. అది చూసే వచ్చిన.”

నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. నా పెళ్ళి మాట ఎత్తడం ఇంట్లో మానేసి చాలాకాలమైంది. నేను స్టేజీ ఎక్కి కూడా చాలాకాలమైంది. స్కూళ్ళ వార్షికోత్సవాలకు పిల్లల్ని తయారుచేయడం, వాళ్ళు ఆడుతుంటే తెర పక్కన నిలబడి అడుగులు అందించడం, అదే నా పని. నా పాత వీడియో ఎవరో చూశారని, చూసి వెతుక్కుంటూ వచ్చారని తెలిసిన ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

మూఢాల రోజులు. పెళ్ళిళ్ళు లేక ఊరి చివర ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంది. నవ్య దాన్నే అద్దెకు తీసుకుని గోడలకు ఆకుపచ్చ గుడ్డ కట్టించింది. కెమెరాలు చూసే సతీష్, గుడ్డ కదలకూడదని ఫ్యాన్లు ఆపించాడు. మొదటి రోజు పరీక్షకు నేను ఆడాను. చెమట ధారగా కారుతున్నా ఒక్క అడుగు తప్పలేదు. నేను ఆడడానికి ముందు లైట్లు సరిచూసుకోవడానికి ఎవరో ఒకరు నిలబడాలంటే, నాతో వచ్చిన మా చెల్లెలు పూర్ణిమ కాసేపు నిలబడింది. ఊరికే నిలబడడం విసుగనిపించి నాలుగు అడుగులు వేసింది. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. మొదటి అడుగు నుంచి దానికి నేర్పింది నేనే.

నవ్య నా చేతికి నల్లటి కళ్ళద్దాలు ఇచ్చి తెర ముందు కూర్చోబెట్టింది. ముందు నా నాట్యం చూపించింది. నిజంగానే నేను తెర వదిలి బయటికి వచ్చి నిలబడ్డాను. చేయి చాపితే నా కొంగు నాకే అందేలా ఉంది. తర్వాత పూర్ణిమ వేసిన నాలుగు అడుగులు. అది తల ఎత్తి చూసేసరికి, నేను కుర్చీలో వెనక్కి జరిగాను.

నవ్య వచ్చి నా పక్కన కూర్చుంది. “అక్కా, ఒక మాట చెప్త, ఏమనుకోవద్దు. మీ ఆటల వంక పెట్టేది లేదు. కానీ మీ చూపు కిందికే పోతుంది. పక్కన పిల్లలు ఆడుతున్నట్టు, వాళ్ళ కాళ్ళు చూస్తున్నట్టు. కండ్లు దొర్కకుంటే త్రీడీల మొహం చచ్చిపోతది.”

“మరి?”

“నీళ్ళకొచ్చిన ఆడమనిషి వేషం పూర్ణిమ చేస్తే బాగుంటది.”

“మరి నేను?”

“మీరు నది.”

నది వేషం అంటే ఏమిటో తర్వాత చెప్పింది. ఆ వేషాన్ని కెమెరాతో తీయరు. నేను నల్లటి సూటు వేసుకుని ఆడాలి. ఆ సూటుకు మణికట్ల దగ్గర, మోకాళ్ళ దగ్గర, నడుముకు, మెడ వెనక చిన్న చిన్న డబ్బీలుంటాయి. అవి నా కదలికను మాత్రమే కంప్యూటర్‌కు పంపుతాయి. దాని మీద నవ్య జరీ పోగుల్లాంటి గీతలతో ఒక ఆకారం అల్లుతుంది. ఆ ఆకారం పూర్ణిమ చుట్టూ తిరుగుతుంది.

“అంటే నేను కనబడను,” అన్నాను.

“మీ ఆట కనబడతదక్కా.”

అద్దాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. హాలు అవతలి చివర పూర్ణిమ, సతీష్ చెప్పినదానికేదో పగలబడి నవ్వుతోంది. సంగతి దానికి అప్పటికే తెలుసని నాకు అర్థమైంది.

ఇంట్లో ఆ మాట చెబితే అమ్మ నా వైపు ఒకసారి చూసి, వెంటనే పూర్ణిమ తలకు నూనె పెట్టడానికి కూర్చుంది. మా అమ్మ రామేశ్వరమ్మకు మనసులో ఏం తోచినా చేతికి పని పెడుతుంది. “ఎవ్వరు చేస్తే ఏందే? ఇద్దరు నా బిడ్డలే గదా,” అంది. ఒకరికి మాత్రమే నూనె పెడుతూ అనే మాట కాదది.

నాయిన పేరు వీరయ్య. చిన్నప్పుడే ఆయనకు ఎడమ కన్ను పోయింది. మిగిలిన ఒక్క కంటితోనే ఇన్నేళ్ళూ నేశాడు. నవ్య అడిగిన రంగులో, ముదురు నీలానికి ఎర్ర అంచుతో పూర్ణిమ కోసం చీర మొదలుపెట్టాడు. పొద్దున నేను మేడ మెట్లు ఎక్కుతుంటే ఆ అంచు రోజూ కొంచెం పెరిగి కనిపించేది. నా సూటు మాత్రం ఒక ప్లాస్టిక్ పెట్టెలో వచ్చింది, రబ్బరు వాసన వేస్తూ.

మే నెలలో పేపర్లో పూర్ణిమ ఫోటో వేశారు. ‘త్రీడీ నాట్యంలో గద్వాల అమ్మాయి’ అని రాశారు. వార్త చివర్న ‘ఆమె సోదరి కూడా సహకరిస్తున్నారు’ అని ఉంది. నా పేరు లేదు. నాయిన ఆ కాగితం మగ్గం పక్క గోడకు అంటించాడు. ఆ వారం క్లాసుకు పిల్లను దించడానికి వచ్చిన ఒక తల్లి మెట్ల దగ్గరే ఆగి, “పూర్ణిమ టీచర్ ఎప్పుడు చెప్తదమ్మా? మా పాప ఆమె దగ్గరే నేర్చుకుంటనంటుంది,” అని అడిగింది. షూటింగ్ అయ్యాక వస్తుందని చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. ఆ నవ్వుకు నా దవడలు నొప్పి పుట్టాయి.

అద్దంలో చూసుకుంటూ కళ్ళు ఎత్తడం సాధన చేశాను. తలుపు గడియ పెట్టుకుని, ఎవరికీ తెలియకుండా. గది అవతల కిటికీ చువ్వను చూస్తూ ఆడమని నాకు నేనే చెప్పుకునేదాన్ని. రెండో జతికే చూపు నేల మీదికి జారేది. పూర్ణిమకు నేను నేర్పనిదేమిటి? కళ్ళు ఎత్తమని దానికి చెప్పింది కూడా నేనే కదా!

బీచుపల్లిలో ఒక పొద్దున బయటి షాట్లు తీశారు. ఎండాకాలం నది బక్కచిక్కి, రాళ్ళు బయటపడి ఉన్నాయి. గుడికి వచ్చిన జనం మెట్ల మీద నిలబడి సెల్‌ఫోన్లు ఎత్తిపట్టారు. నీలం చీర, ఎర్ర అంచు, నడుమున కొత్త బిందె. పూర్ణిమ నీళ్ళ ఒడ్డున వంగితే నేను షాటుకూ షాటుకూ మధ్య పరుగెత్తుకెళ్ళి దాని మొహం మీద ఎండ పడకుండా గొడుగు పట్టాలి. ఆ పని ఎవరూ నాకు చెప్పలేదు. గొడుగు అమ్మ చేతిలో ఉంటే, కాలు నొప్పని నాకిచ్చి కూర్చుంది. అంతే.

నీళ్ళను దోసిట పట్టే చోట పూర్ణిమ వేళ్ళు విడిపోతున్నాయి. మూడోసారి కూడా విడిపోయాయి.

“ఏందే ఆ చెయ్యి? జల్లెడా అది? ఎన్నిసార్లు చెప్పిన నీకు?” అని ఒడ్డు నుంచి అరిచాను. మెట్ల మీది జనం నవ్వారు.

అది లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అంది: “చెయ్యి తప్పు పోతే దగ్గరికొచ్చి చెప్పు. మందిల ఎందుకు అరుస్తవ్? కడుపుమంట గాకపోతే ఏందక్కా ఇది?”

“నాకెందుకే కడుపుమంట? నేను నేర్పకపోతే నువ్వెక్కడ ఉంటుంటివి?”

“నువ్వే నేర్పినవ్. కాదన్ననా? నేనేమన్న అడిగి తీసుకున్ననా ఈ వేషం? ఆమె ఇచ్చింది. నువ్వు గిట్ల మొహం పెట్టుకొని తిరుగుతుంటే నాకు ఆడబుద్దయితలేదు.”

గొడుగు రాళ్ళ మీద పెట్టి వెళ్ళి గుడి అరుగు మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చూశాను. నాలుగోసారి దాని వేళ్ళు చక్కగా కలిశాయి. నీళ్ళు దోసిట్లో నిలిచాయి. అది తల ఎత్తి రెండు కెమెరాల వైపు చూసింది. జనం సెల్‌ఫోన్లు దించేసి ఊరకే చూస్తుండిపోయారు. నేను కూడా దాని మీది నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నా వంతు చివర్లో వచ్చింది. అప్పటికి పూర్ణిమ పని మొత్తం అయిపోయింది. హాలులో నేను, నవ్య, సతీష్, మూలన ఒక టీవీ. టీవీలో పూర్ణిమ ఆడుతుంటుంది. అది అడుగు వేసిన చోటల్లా నేల మీద తెల్ల టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. ఆ ముక్కల చుట్టూ నేను ఆడాలి. దాని చెంప ఎక్కడుందో అక్కడ నా చెయ్యి ఉండాలి. దాని నడుము ఎక్కడ తిరిగిందో అక్కడ నేను తిరగాలి. కానీ అక్కడ ఏమీ లేదు. గాలి.

సూటు ఒంటికి అతుక్కుపోయింది. గజ్జెలు వద్దన్నారు. మొదట కదలకుండా చేతులు చాచి నిలబడమన్నారు, కంప్యూటర్ నా కొలతలు పట్టుకునేదాకా. తర్వాత పాట మొదలైంది.

మొదటిసారి ఆడుతుంటే నవ్య మధ్యలో ఆపేసింది. “అక్కా, ఇప్పుడు మీ మొహం ఎవ్వరు చూస్తలేరు. నేను గూడ చూస్తలే. కండ్లు ఎక్కడన్న పెట్టుకోన్రి. మూసుకోన్రి. మీ ఇష్టం.”

కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే టేపు ముక్కలు కనిపించవు కదా అని అనుకోలేదు. పూర్ణిమ అడుగులు ఎక్కడ పడతాయో నాకు చూడకుండానే తెలుసు. అవి నా అడుగులే. దాని చుట్టూ తిరిగాను. ముందు మెల్లగా, కాళ్ళు తడిపే నీళ్ళలా. తర్వాత అమ్మ నూనె పెట్టడం గుర్తొచ్చింది. గోడకు అంటించిన పేపరు గుర్తొచ్చింది. మెట్ల దగ్గర నిలబడ్డ ఆ తల్లి గుర్తొచ్చింది. కథలో నది పొంగి, ఆ ఆడమనిషి చేతిలో బిందె లాక్కోవాలి. నేను బిందె ఒక్కటే లాక్కోలేదు. మోచేతుల దాకా, భుజాల దాకా, తల మీద దాకా వెళ్ళాను. పాట ఆగాక కూడా నా కాళ్ళు ఆగలేదు.

కళ్ళు తెరిచేసరికి నవ్య లేచి నిలబడి ఉంది.

“ఇంకోసారి చేద్దామా?” అన్నాను, ఊపిరి అందక.

“వద్దక్కా. అయిపోయింది.”

ల్యాప్‌టాప్‌లో చూపించింది. పుల్లలతో కట్టిన బొమ్మ లాంటిది ఒకటి గిరగిరా తిరుగుతోంది. తల ఉండాల్సిన చోట ఒక సున్నా.

“ఇది నేనా?”

“మీరే. ఎడమ భుజం జర కిందికి వంగుతది చూడున్రి. అది మీరే గదా.”

నాకేమీ అనిపించలేదు. సూటు విప్పి పెట్టెలో పెట్టి, ఇంటికి వచ్చి స్నానం చేశాను. మేడ మీద పూర్ణిమ నా క్లాసు పిల్లలకు అభినయం నేర్పుతోంది. పిల్లల నవ్వులు కింది దాకా వినిపిస్తున్నాయి.

జూన్‌లో, మొదటి వానలు పడ్డాక, వనపర్తిలో ఒక హాలులో ప్రదర్శన పెట్టారు. వెండి పూత పూసిన తెర హైదరాబాదు నుంచి తెప్పించారు. పొద్దున పదకొండు గంటలకే హాలు నిండిపోయింది. అధికారులు, కాలేజీ వాళ్ళు, స్కూలు పిల్లలు. పూర్ణిమ అదే నీలం చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. దాని పక్కన అమ్మ, నాయిన, చివర్న నేను. అందరికీ కళ్ళద్దాలు పంచారు.

చీకటయ్యింది. పూర్ణిమ బిందెతో వచ్చింది. ఎంత అందంగా ఉందో! వెనక రాళ్ళు, దాని వెనక గుట్టలు, ఆకాశం, అన్నీ లోతుగా, ఒక కిటికీలోంచి చూస్తున్నట్టు ఉన్నాయి. పూర్ణిమ ఆ కిటికీ లోపలే ఉంది. వంగి దోసిలి పట్టింది. అప్పుడు దాని వేళ్ళ మధ్య నుంచి ఒక బంగారు పోగు లేచింది. పోగు వెంట పోగు. అవి చేయయ్యాయి, నడుమయ్యాయి. ఒక మనిషి ఎత్తున లేచి, పూర్ణిమ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, తెర దాటి హాలులోకి వచ్చేసింది.

మా వెనక పిల్లలు కేకలు పెట్టారు. చేతులన్నీ పైకి లేచాయి. ఒక చిన్నపిల్ల కుర్చీ ఎక్కి నిలబడి పోగుల్ని పట్టుకోవాలని గాలిలో చేతులు ఆడిస్తోంది. నది జనం తలల మీదుగా తిరుగుతోంది. దాని ఎడమ భుజం కొద్దిగా కిందికి వంగి ఉంది. చివరికి పొంగి, తెర మొత్తం కమ్మేసింది. బంగారు పోగుల వెనక ఎక్కడో లోపల, నీలం చీర కొంచెంసేపు కనిపించి, మాయమైంది.

లైట్లు వేశాక జనం నవ్యను చుట్టుకున్నారు. “ఆ నదిని కంప్యూటర్ల ఎట్ల జేసిన్రు మేడం?” అని ఒకటే ప్రశ్న. ఒక పెద్దాయన పూర్ణిమ దగ్గరికి వచ్చి, “మంచిగ చేసినవమ్మా,” అని, వెంటనే సతీష్ వైపు తిరిగి, “కానీ ఆ నది ఉంది చూడు, ఒళ్ళు జలదరించింది,” అన్నాడు. నవ్య నా చెయ్యి పట్టుకుని గుంపులోకి లాగింది. “కంప్యూటర్ గాదు సార్, నది ఈమెనే.” వాళ్ళు నన్ను పైనుంచి కిందికి చూశారు. నమ్మలేదు. నాకది కూడా బాగానే ఉంది.

అద్దె కారులో తిరిగి బయలుదేరాం. పెబ్బేరు దాటాక పూర్ణిమ కిటికీలోకి చూస్తూనే అంది, “నన్ను మింగినవ్ అక్కా.”

“అది కథల ఉన్నదే గదా.”

“కథల బిందె గుంజుకునుడే ఉన్నది. నువ్వు నన్ను మొత్తం ముంచినవ్. ఒక్కరన్న నన్ను చూసిన్రా? ఎండల నిలబడి చేసింది నేను. మొహం నాది. అందరు నీ దిక్కే చేతులు చాపిన్రు.”

“ఏందే ఆ మాటలు!” అని అమ్మ కసిరింది.

ముందు సీట్లో నాయిన వెనక్కి తిరిగాడు. ఆయనకు గొడవ ఎందుకో అంతుపట్టినట్టు లేదు. “ముంచుడేంది బిడ్డా? నాకైతే ఇద్దరు పక్కపక్కనే కనబడ్డరు. ఒకరు ముందలికి రాలే, ఒకరు ఎనకకు పోలే. మంచిగ జోడు కుదిరింది.”

రెండు కళ్ళుంటేనే ఆ లోతు కనిపిస్తుందని నవ్య మొదటిరోజే చెప్పింది. ఆ మాట నాకు అప్పుడే గుర్తొచ్చింది. పూర్ణిమకూ తట్టినట్టుంది. మేమిద్దరం ఒకసారి ఒకరినొకరు చూసుకున్నాం. ఆయనకు ఎవరమూ ఏమీ చెప్పలేదు.

అప్పుడు చూశాను దాని మొహం. బిగబట్టిన దవడ, వదలని నవ్వు తాలూకు అలసట, ఎక్కడ పెట్టాలో తెలియని చూపు. ఆ మొహం నాకు బాగా తెలుసు. ఎండాకాలమంతా నేను మోసిన మొహం అది. నాకు సంతోషమైంది. చాలా సంతోషమైంది. ఆ సంతోషం బీచుపల్లి వంతెన దాకా ఉంది. వంతెన మీద కిటికీలోంచి గాలి కొడితే, కొంగు సర్దుకుంటున్నట్టు నటిస్తూ అది కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఎంత వెతుక్కున్నా ఆ సంతోషం దొరకలేదు.

రెండు వారాలకు నవ్య ఫోను చేసింది. ఇంకో చిత్రం, పెద్దది. హైదరాబాదులో నాలుగైదు నెలల పని. నన్నొక్కదాన్నే రమ్మంది. “ఈ వయసుల హైదరాబాదేంది?” అని అమ్మ గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టింది. పూర్ణిమ మా ఎవరి వైపూ చూడకుండా, “పోనియ్యమ్మా. క్లాసు నేను చూసుకుంట,” అంది. కారులో గొడవ తర్వాత అది నోరు తెరిచి నా సంగతి మాట్లాడడం అదే మొదటిసారి.

స్టేషన్‌కు నాతో అదే వచ్చింది. రైలు ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద చిన్నగా తుంపర పడుతోంది. సిమెంటు బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం, మధ్యలో నా సంచీ.

“అక్కా, ఒకటి అడుగుత. అమ్మకు చెప్పొద్దు.”

“అడుగు.”

“నువ్వు పోతున్నవంటే నాకు సయిస్తలేదు. పొద్దుగాల నీ బట్టలు సదురుతుంటే అన్నీ గుంజి బయట పడెయ్యాలనిపించింది. నువ్వంటే ఇష్టం లేక గాదు.”

“నాకు తెల్వదా?”

“దీన్ని ఏం జెయ్యాలె?”

దానికి నేను నేర్పిన వాటిలో ఇది ఎప్పుడూ లేదు.

“పొద్దున పిల్లలు రాకముందే లేచి గజ్జె కట్టు. తలుపు గడియ పెట్టుకో. కోపమొస్తే ఆపుకోకు, కోపంతోనే ఆడు. నన్ను తిట్టుకుంటనే ఆడు.”

“గట్లయితే పోతదా?”

“పోదు. ఆట మాత్రం మంచిగైతది.”

దూరంగా రైలు కూత వినిపించింది. అది లేచి నిలబడి, నా మొహంలోకి పరీక్షగా చూసింది.

“నీకు పోయిందా మరి?”

తుంపరకు దాని ముంగురులు తడిసి నుదుటికి అంటుకున్నాయి. ఇరవై నాలుగేళ్ళ మొహం. ప్లాట్‌ఫారం మీద నడిచి వెళుతున్న ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని చూస్తూ నడక తగ్గించారు. నన్ను ఎవరూ చూడలేదు.

“యాడ పోయిందే? ఇంక ఉన్నది,” అన్నాను.

పూర్ణిమ నవ్వింది. వనపర్తి నుంచి వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

“మంచిగైంది,” అని, రైలు వచ్చి ఆగగానే నా సంచీ ఎత్తుకుని, నాకంటే ముందు ఎక్కింది, నాకు సీటు పట్టడానికి.